పొద్దుగాల పాలకు, పొద్దుమీకి మందకు: పిల్లలతో పశువుల దగ్గరికి పోయేటప్పుడు

పట్నం నుంచి పిల్లల్ని తీసుకొని దేవరకొండ వైపో కల్వకుర్తి వైపో చుట్టాల ఊరికి పోయేవాళ్లు ఎక్కువగా పదకొండు గంటలకు దిగుతారు. ఆ వేళకు బర్రెలు కుంటలో మునిగి ఉంటాయి. గొర్లు ఊరికి రెండు మూడు కిలోమీటర్ల అవతల బీడులో మేస్తుంటాయి. కోళ్లు చింతచెట్టు కింద మన్నులో పొర్లి కునుకు తీస్తుంటాయి. కొట్టంలో మిగిలేది గుంజకు కట్టేసిన దుడ్డె (బర్రె దూడ) ఒక్కటే. నలుగురు పిల్లలు దాని చుట్టూ మూగితే అది బెదిరి గుంజ చుట్టూ తిరిగి తలుగు మెడకు బిగించుకుంటుంది. పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఫోన్లో నాలుగు ఫొటోలతో పని అయిపోతుంది.

అదే కుటుంబం అదే ఊళ్లో పొద్దున ఆరింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి అక్కడుంటే పిల్లలు ఏడాదంతా ఆ ముచ్చటే చెప్తారు. పశువుకు దాని వేళలు దానికున్నాయి. ఆ వేళకు మనం పోవాలి. పోయినాక మీద మీదకు ఉరకకుండా ఒక చోట కూర్చోవాలి. అప్పుడు అదే దగ్గరికి వస్తుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క పద్ధతి చుట్టూ తిరిగేదే.

ఎప్పుడు పోవాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నల్లగొండ, పాలమూరు వైపు ఈ జిల్లాలకు మంచి కాలం. తొలకరికి పచ్చిక లేచి, జూన్, జూలైలో పొట్టేలు దాటి చూలు కట్టిన గొర్రె అయిదు నెలలకు, అంటే చలి మొదలయ్యేసరికి ఈనుతుంది. కాబట్టి డిసెంబరులో ఏ మందలో చూసినా పిల్లలే. మార్చి దాటితే ఎండ. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు కొత్త కాదు. అప్పుడు పోక తప్పదనుకుంటే పొద్దున 8 లోపు, సాయంత్రం 5 తర్వాత మాత్రమే పశువుల దగ్గరికి పోవాలి. ముసురు పట్టిన రోజుల్లో కొట్టం అంతా బురద, జోరీగలు. గొర్లకు గిట్టల కుళ్లు, నీలి నాలుక జబ్బు వచ్చేది కూడా ఆ కాలంలోనే. చిన్నపిల్లలతో అప్పుడు వద్దు.

రోజును ఇట్లా కట్టుకోండి. ఐదున్నర, ఆరింటికి పాలు పిండే వేళ. ఏడింటికి కోళ్ల గంప లేపుతారు. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య మంచు ఆరినాక మేకలు, గొర్లు మేతకు కదులుతాయి. తడి గడ్డి మేస్తే పారుడు, కడుపు ఉబ్బరం వస్తాయని కాపరులు అంతవరకు ఆగుతారు. పదకొండు నుంచి మూడు దాకా పిల్లల్ని తినిపించి పడుకోబెట్టండి. ఆ వేళలో బర్రెలను లేపబోతే అవీ చిరాకుపడతాయి, పిల్లలకూ ఎండ దెబ్బ. నాలుగున్నరకు మళ్లీ పాలు. పొద్దు గుంకేటప్పుడు మంద ఇంటికి వస్తుంది. రోజంతటిలో దీన్ని మించిన ఘట్టం లేదు, కాబట్టి ఆరింటికే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు.

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి ఎక్కువ, గడ్డి దండి, కాబట్టి బర్రెలు ఎక్కువ కనిపిస్తాయి. దేవరకొండ, నారాయణపేట వైపు మెట్ట నేలల్లో మేకలు, గొర్లు ఎక్కువ. ఏ పశువుతో గడపాలనుకుంటున్నారో దాన్నిబట్టి చుట్టాన్ని ఎంచుకోండి.

కాళ్లకు నిండా మూసుకునే బూట్లు కావాలి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును సూది లెక్క దాటుకొని వస్తుంది. చున్నీలు వేలాడకుండా ముడి వేసుకోవాలి, మేక నోటికి అందితే నమలకుండా వదలదు. ఇంకొకటి చాలామందికి తట్టదు: చీర పిన్నీసులు, పిల్లల తలపిన్నులు. అవి గడ్డిలో రాలితే బర్రె ఏరుకోకుండా మింగేస్తుంది. కడుపులో ముందు అరలో చేరిన పిన్ను గోడను పొడుచుకొని గుండె దాకా పోయి పశువు చచ్చిపోయిన సంగతులు ఏ పశువైద్యుణ్ని అడిగినా చెప్తారు. కారు దిగే ముందే పిన్నులు లెక్కపెట్టి తీసి డబ్బాలో వేయండి.

కొట్టం గడపలో

ఇంటివాళ్లను ముందు పలకరించాలి. చిన్నవాళ్లయితే "అన్నా", "అక్కా", పెద్దవాళ్లయితే "తాతా", "అవ్వా". ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అది మరిచిపోవద్దు: "అన్నా, మీ కొట్టంల పొడిచేది ఏది, తన్నేది ఏది?" ప్రతి కొట్టంలో ఒకటన్నా ఉంటుంది. యజమాని వేలు పెట్టి చూపిస్తాడు. పిల్లలకు కూడా దాన్ని చూపించి, దానికీ మీకూ మధ్య రెండు బారల దూరం ఉండేలా చూసుకోండి.

"ఎన్ని పాలిస్తది", "ఎన్ని గొర్లున్నయి" అని దిగంగనే అడగొద్దు. దిష్టి తగులుతదని చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. వారం లోపు ఈనిన బర్రె దగ్గరికి వాళ్లే పిలిస్తే తప్ప పోవద్దు. ఆ వారంలో ఎంత సాధు జంతువైనా దుడ్డె కోసం తల విసురుతుంది.

బర్రెకు, ఆవుకు కండ్లు పక్కలకు ఉంటాయి. చుట్టూరా దాదాపు అంతా కనిపిస్తుంది, తోక వెనక కొంచెం, ముక్కు ముందర కొంచెం తప్ప. ఆ రెండు చోట్ల నుంచి హఠాత్తుగా చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతుంది. అందుకని పక్క నుంచి, భుజం వైపుగా, నెమ్మదిగా ఏదో ఒకటి మాట్లాడుతూ పోవాలి. పశువు తన్నితే కాలు వెనక్కే కాదు, పక్కకు, ముందుకు కూడా గీసుకొస్తుంది. అందుకే వెనక కాలు దగ్గర పక్కన నిలబడటం క్షేమం అనుకోవద్దు. నిలబడితే భుజం దగ్గర, లేదా వెనక ఆరడుగుల అవతల.

ముందు చెయ్యి వెనక భాగాన్ని వాసన చూడనివ్వాలి. మూతి చల్లగా, తడిగా తగులుతుంది. ఊపిరి వేడిగా వచ్చి పిల్లల వేళ్ల మధ్య దూరుతుంది. ఇక్కడే మొదటి నవ్వు వస్తుంది, తొందరపెట్టి ఫొటో తీయొద్దు. తర్వాత మెడ కింద, ఆవుకైతే గంగడోలును, గోకాలి. నచ్చితే మెడ చాచి, తల పైకెత్తి నిలబడుతుంది. నుదురు మీద, కొమ్ముల మధ్య చెయ్యి పెట్టకూడదు. పొట్టేలు, మేకపోతు విషయంలో ఇది మరీ ముఖ్యం. నుదురు పట్టి నెడితే దానికి అది ఢీకొనే ఆట. రెండు రోజులు పిల్లలు ఆ ఆట ఆడి పోతే, ఆ తర్వాత పాలకు వచ్చిన అవ్వను అది వెనక నుంచి గుద్దుతుంది.

తోక విదిలించడం ఈగలకు. కానీ తోక బిగబట్టి, చెవులు వెనక్కి వేసి, తల దించి ముక్కుతో బుసకొడితే వెనక్కి తగ్గాలి, పరుగెత్తకూడదు. ఎర్ర చొక్కా గురించి భయపడేవాళ్లు ఎక్కువ. రంగు కాదు దాన్ని బెదిరించేది. రెపరెపలాడే గుడ్డ, తెరుచుకునే గొడుగు, పగిలే బుగ్గ (బెలూన్), ఇవీ అసలు కారణాలు.

పాలు పిండే వేళ గుంపుగా నిలబడి మాట్లాడితే బర్రె చేపదు, అంటే పాలు దించదు. దుడ్డె ఒక నిమిషం కుడిచి పొదుగును కుమ్మితే పాలు దిగుతాయి. ఆ చేపు అయిదారు నిమిషాలే ఉంటుంది కాబట్టి పిండేవాళ్లకు ఆ వేళ ఆటంకం పెట్టొద్దు. అంతా అయినాక చివరి నాలుగు ధారలు పిల్లలకు ఇవ్వమని అడగండి. గోర్లు కత్తిరించి ఉండాలి. చేతులు కడుక్కొని, పిండే మనిషి కూర్చున్న వైపే కూర్చోవాలి. చనును లాగకూడదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి చను మొదలు దగ్గర బిగించి, పైనున్న పాలు వెనక్కి పోకుండా మూసి, మిగతా వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ రావాలి. బర్రె చను గట్టిగా ఉంటుంది, పిల్లలకు మొదట నాలుగు చుక్కలే వస్తాయి. ఆవు అయితే సులువు. ఆ పాలు అక్కడే తాగించొద్దు. పొంగు వచ్చేదాకా కాచినాకే. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు వచ్చే జ్వరం) వంటి జబ్బులు అంటుకుంటాయి.

పాలు అయినాక బర్రె పడుకుంటే పక్కన ఒక పావుగంట కూర్చోబెట్టండి. మెడ ఎడమ పక్కన ఒక ముద్ద కింది నుంచి పైకి పాకుతూ రావడం కనిపిస్తుంది. నోట్లో అది చేరగానే నెమరు మొదలు. ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టమనండి, నలభై, యాభై, అరవై దాకా వస్తుంది. మింగుతుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, ఇంకో ముద్ద. ఆరేళ్ల పిల్లవాణ్ని పావుగంట కదలకుండా కూర్చోబెట్టగలిగేది ఇదొక్కటే.

ఏం పెట్టాలి, ఏం పెట్టొద్దు

ప్రేమతో పెట్టిన మేతతోనే పశువు చచ్చే ప్రమాదం ఉంది. మిగిలిన బిర్యానీ, అన్నం, రొట్టెలు, బ్రెడ్డు పాకెట్లు తెచ్చి గోలెంలో వేస్తారు. నెమరు వేసే జంతువు కడుపు గడ్డి కోసం ఉన్నది. ఒక్కసారిగా బియ్యం, పిండి పడితే పులిసి ఆమ్లం ఎక్కుతుంది, కడుపు కదలదు, పశువు పడిపోతుంది. మేకకు పిడికెడు గింజలు దాటొద్దు. బకెట్ అన్నం ఒక మేక ప్రాణం తీయడానికి చాలు.

లేత జొన్న ఇంకా ప్రమాదం. పూత రాకముందు, నీళ్లు లేక వాడినప్పుడు, కోసిన మోడు నుంచి మళ్లీ చిగురించినప్పుడు జొన్నలో విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. పచ్చగా కనిపించిందని పిల్లలు నాలుగు మొక్కలు పీకి తెచ్చి పెడితే పశువు నిమిషాల్లో వణుకుతూ పడిపోవచ్చు. ఎండిన జొన్న చొప్పకు ఆ భయం లేదు. ఈ జిల్లాల్లో ఆముదం చేలు ఎక్కువ, ఆ గింజలు పశువులకు విషం, మనుషులకూ విషమే. పిల్లల జేబుల్లోకి పోకుండా చూడాలి. గన్నేరు ఆకు కూడా అంతే. పత్తి చేను గట్టు మీద గడ్డి కోయొద్దు, ఏ రోజు మందు కొట్టారో మీకు తెలవదు. మామిడి టెంక, తాటి టెంక, గుండ్రటి ఆలుగడ్డ, ఇవి గొంతులో అడ్డం పడతాయి. క్యారెట్ పెట్టాలనుకుంటే గుండ్రంగా కాదు, పొడుగ్గా చీల్చి పెట్టండి. బిస్కెట్ కవర్లు, టీ కప్పులు ఒక్కటి కూడా కింద పడనీయొద్దు.

పెట్టదగినవి ఇవి: యజమాని కోసి ఇచ్చిన పచ్చగడ్డి, జొన్న చొప్ప, పల్లి చెట్టు, మేకలకు వేప, రావి, రేగు, అవిశ ఆకు. నల్లతుమ్మ కాయలంటే మేకలకు ప్రాణం, కాయలు గలగలలాడిస్తే మంద మొత్తం మీ వైపు తిరుగుతుంది. నలుగురి కుటుంబానికి అయిదు కిలోల పచ్చిమేత చాలు. పెద్ద బర్రె రోజుకు 25, 30 కిలోలు తింటుంది, కాబట్టి మీరు పెట్టేది దానికి ఫలహారం. ఇంటివాళ్లకు ఏదన్నా ఇవ్వాలనిపిస్తే మిఠాయి డబ్బా కంటే అయిదు కిలోల పల్లి చెక్క (నూనె తీసినాక మిగిలే పశువుల దాణా) తీసుకుపోండి, ఆ ఇంట్లో అది పనికొస్తుంది.

పెట్టే తీరు జంతువును బట్టి ఉంటుంది. బర్రె, ఆవు నాలుకతో మేతను చుట్టి లాక్కుంటాయి. ఆ నాలుక గరుకు కాగితం లెక్క ఉంటుంది. వాటికి అడుగున్నర పొడుగు చొప్ప కట్ట ఇచ్చి, అవతలి కొన పట్టుకోమనాలి. మేక, గొర్రె పెదవులతో ఏరుకుంటాయి. వాటికి అరచెయ్యి బల్లపరుపుగా చాచి, వేళ్లు దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి పెట్టాలి. ఈ జంతువులకు పై దవడ ముందు పళ్లు ఉండవు కాబట్టి అవి కొరికి గాయం చేయవు. కానీ వేలు లోపలికి పోయి దవడ పళ్ల మధ్య పడితే నలుగుతుంది. వేళ్లు విడదీసి చాచిన పిల్లవాడే ఎప్పుడూ ఏడుస్తాడు.

పొద్దుమీకి మంద వచ్చేటప్పుడు

ఈ జిల్లాల గొర్లలో చాలావాటికి ఉన్ని ఉండదు, కాళ్లు పొడుగు. పట్నం పిల్లలు వాటిని మేకలనే అంటారు. తోక చూడమనండి: పైకి లేచి ఉంటే మేక, కిందికి వేలాడితే గొర్రె. నల్లని, ఉన్ని ఉన్నవి దక్కని గొర్లు. పాలమూరు గొంగడి నేసేది ఆ ఉన్నితోనే.

పొద్దున తల్లులు మేతకు పోయినప్పుడు పిల్లలను దొడ్డిలోనో, పెద్ద గంపల కిందో ఉంచుతారు. సాయంత్రం గంటల చప్పుడు దూరం నుంచి వినిపించంగనే లోపలి పిల్లలు అరుపు అందుకుంటాయి. తల్లులు బయటి నుంచి బదులిస్తాయి. అప్పుడు మీ పిల్లల్ని గోడ మీదనో, బండ మీదనో కూర్చోబెట్టండి, మంద దారిలో మాత్రం నిలబడొద్దు. గంప లేపంగనే నలభై, యాభై పిల్లలు ఒకేసారి మందలోకి దూకుతాయి. ఒక్కొక్కటి తప్పు తల్లి దగ్గరికి పోయి తలతో గెంటించుకొని, మళ్లీ పరుగెత్తి, తన తల్లి గొంతు దొరికాక మోకాళ్ల మీద వంగి పొదుగును కుమ్ముతుంది. తోక టపటప కొట్టుకుంటుంది. తల్లి ఆ తోక కింద ముక్కు పెట్టి వాసన చూసుకుంటుంది, తనదేనని తేలినాకే పాలు ఇస్తుంది.

ఆ వాసన వల్లనే ఒక కట్టుబాటు: పుట్టి మూడు నాలుగు రోజులు కాని పిల్లను ముట్టుకోవద్దు. మన చేతి సబ్బు, సెంటు వాసన అంటితే, ముఖ్యంగా తొలిచూలు తల్లి, పిల్లను దగ్గరికి రానీయకపోవచ్చు. అప్పుడు ఆ పిల్లకు సీసా పాలే దిక్కు.

వారం, పది రోజులు దాటిన పిల్లను, కడుపు నిండినాక, యజమానిని అడిగి పట్టుకోవచ్చు: "అన్నా, ఈ పిల్లను జర పట్టుకోవచ్చా?" పిల్లవాడు కింద బాసిపట్లు వేసుకొని కూర్చోవాలి, నిలబడి ఎత్తుకోకూడదు. పెద్దవాళ్లు మేకపిల్లను ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టి ఒళ్లో ఉంచాలి. ముందుకాలు పట్టుకొని లేపితే భుజం సడలుతుంది, చెవి పట్టి లాగడం మరీ తప్పు. మూడు నాలుగు నిమిషాలు చాలు. అరవడం మొదలుపెడితే వెంటనే వదలాలి, తల్లి దూరం నుంచి చూస్తుంటుంది. మూతి చుట్టూ పుండ్లు, పక్కులు ఉన్న పిల్లను అసలే ముట్టొద్దు, ఆ జబ్బు మనుషుల చేతులకు అంటుకుంటుంది. పారుడు పట్టిన దూడల దగ్గరికి అయిదేళ్ల లోపు పిల్లల్ని తీసుకుపోవద్దు. కడుపుతో ఉన్నవాళ్లు ఈనుతున్న గొర్లకు, మేకలకు దూరంగా ఉండాలి.

కోళ్ల గంప

కోడిపిల్లను పట్టుకోవడంలో జరిగే తప్పు, అది ఎగిరిపోతుందని గట్టిగా బిగించడం. పక్షికి రొమ్ము ఎముక ముందుకు కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఆ ఎముక కదలకుండా పిడికిలి మూస్తే ముక్కు తెరిచి ఉన్నా ఊపిరాడక పోతుంది. రెండు అరచేతులు దోసిలి పట్టి, ఒడి మీదనే ఉంచి, పైన వేళ్లతో కప్పు వేసినట్టు పెట్టాలి. వారం లోపు పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, చలి పొద్దున రెండు నిమిషాలు దాటనీయొద్దు. తల్లికోడి ఈకలు నిక్కపొడుచుకొని గుండ్రంగా ఉబ్బితే దాని హెచ్చరిక అది. కండ్లకే పొడుస్తుంది, పిల్లల మొహాలు దూరం. పుంజు కాలి ముల్లు రెండేళ్ల పిల్లవాడి మొహం ఎత్తుకు వస్తుంది, వాణ్ని ఎత్తుకోండి.

గుడ్లు ఏరేటప్పుడు గూట్లో ఒకటి వదిలెయ్యాలి, అన్నీ తీస్తే పెట్ట చోటు మారుస్తుంది. పొదుగుతున్న కోడి ఉంటే, చీకటి పడ్డాక ఇంటి అవ్వనే ఒక గుడ్డు తీసి ఇవ్వమనండి. ఫోను లైటు మీద గుడ్డు లావు కొన ఆనిస్తే, పొదిగేసి వారం అయి ఉంటే లోపల ఎర్రని నరాలు సాలెగూడు లెక్క, మధ్యలో నల్లని చుక్క కదులుతూ కనిపిస్తాయి. పది సెకన్లు చూసి మళ్లీ కోడి కిందికి. పొదిగేసిన 21 రోజులకు అది పిల్ల అవుతుంది. ఆ తేదీ పిల్లల నోటుపుస్తకంలో రాయించండి, ఆ రోజు అవ్వకు ఫోను చేయిస్తే చాలు.

నల్లమల వైపు

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పోతే తెల్లని ఒంటి మీద గోధుమ మచ్చలున్న పశువుల మందలు కనిపిస్తాయి. అవి పొడ తూర్పు పశువులు, పొడ అంటే ఆ మచ్చలే. 2020లో వాటిని దేశవాళీ జాతిగా జాతీయ స్థాయిలో నమోదు చేశారు. అడవిలో తిరిగి పెరిగినవి, చురుకు ఎక్కువ, కొత్త మనిషిని దగ్గరికి రానీయవు. వాటిని దారి పక్కన ఆగి చూడటమే. దొడ్డిలోకి దిగొద్దు.

దెబ్బ తగిలితే, ఇంటికి చేరినాక

పశువులను ముట్టిన ప్రతిసారి, తినే ముందు తప్పకుండా, సబ్బుతో 20 సెకన్లు పారే నీళ్లలో చేతులు కడగాలి. పెండ అంటిన చేతి మీద శానిటైజర్ పని చేయదు. తినేది కొట్టానికి దూరంగా. వేళ్లు చీకే పిల్లలుంటే తడిబట్టతో సరిపెట్టొద్దు, కడగాల్సిందే.

కుక్క కరిచినా గీరినా ఆ చోటును సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. నురగ కారుస్తూ, గొంతు మారి, నీళ్లు మింగలేని బర్రె నోట్లో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెట్టొద్దు, అది రేబిస్ కావచ్చు. కొమ్ము పొట్టకు తగిలితే గాయం చిన్నగా కనిపించినా లోపల లోతు ఉంటుంది, వెంటనే డాక్టరుకు చూపించాలి. ముల్లు గుచ్చుకుంటే ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించారో చూసుకోవాలి. గడ్డివాము దగ్గర, రాళ్ల కింద పిల్లల చేతులు పోనీయొద్దు, తేళ్లు, పాములు అక్కడే ఉంటాయి. పాము కరిస్తే కోయడం, కట్టడం వద్దు, కాలు కదపకుండా 108కి ఫోను చేయాలి. మీరు పెట్టిన మేతతో పశువు ఉబ్బినా, గొంతులో ఏదన్నా అడ్డం పడినా దాచిపెట్టకుండా యజమానికి చెప్పి 1962కు ఫోను చేయించండి, పశువుల అంబులెన్స్ నంబరు అది.

ఇంటికి రాంగనే బూట్ల అడుగులు బ్రష్‌తో రుద్ది కడిగి ఎండలో పెట్టండి, బట్టలు విడిగా ఉతకండి. మీ ఇంట్లోనో, మీరు మరునాడు పోయే ఇంట్లోనో పశువులుంటే గాలికుంటు, కోళ్లకు కొక్కెర తెగులు ఈ బూట్ల మీదే ఊరు దాటుతాయి. రెండు మూడు వారాల్లో పిల్లల ఒంటి మీద గుండ్రని దురద మచ్చ లేచినా, ఆ వారం విరేచనాలు, జ్వరం వచ్చినా, డాక్టరుకు పశువుల దగ్గరికి పోయివచ్చిన సంగతి, ఏ జంతువును పట్టుకున్నారో, ఏ రోజో చెప్పండి.